ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి

ఆగస్టు 4, సోమవారం

ఇది ఇవాళే రాయాలి. రేపటికల్లా సారు మాటల్ని నేనే మెత్తగా చేసుకుంటా. మంచి మనిషి, నా మేలు కోరే చెప్పారు అని నాకు నేనే నచ్చజెప్పుకుంటా. ఆ పని నాకు బాగా వచ్చు. అందుకే మెత్తబడకముందే రాసి పెడుతున్న.

సారు అన్న మాట ఇది: "రిపోర్టులు ఇవ్వడం లేదు, ఎవాంజెలిన్. ఎవరికీ. మీ అత్తకు కూడా."

జూన్‌లో మా ఊరి చర్చి హాల్లో తీసిన రక్తాల ఫలితాలు పోయిన వారం వచ్చాయి. రక్తం ఇచ్చినవాళ్లంతా జిన్నారం చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లు. వాళ్లలో కొందరికి క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. కిడ్నీలు రక్తాన్ని సరిగా వడగట్టకపోతే పెరిగేది అదే. ట్యూబుల మీద పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా సారు దగ్గర ఉంటుంది. కానీ మొదటి నంబరు ఎవరిదో నాకు తెలుసు. ఆ రోజు అందరూ సూదిని చూసి వెనక్కి జరుగుతుంటే ఎల్సీ అత్త, మా నాయన చెల్లె, కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నది. "ముందు నాది తీయుండ్రి, ఒంట్ల రక్తం ఉన్నదో లేదో అదన్న తెలుస్తది" అన్నది. నవ్వులు. తర్వాత వరస కట్టారు.

ఆ మొదటి నంబరు పక్కన ఉన్న అంకె చూసి కంప్యూటర్లో షీటు మూసేసిన. మళ్లీ తెరిచిన. అంకె మారలేదు.

డాక్టర్ శ్రావణ్‌కుమార్ సారు నా పీహెచ్‌డీ గైడు. అరిచే మనిషి కాదు. టీ తెప్పించారు. ఒక్క పరీక్షతో జబ్బు ఉందని చెప్పకూడదన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ చేసి చూడాలి, ఆ రెండో పరీక్షకు మనకు అనుమతి లేదన్నారు. రిపోర్టులు ఇస్తామని, పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి మనం రాయలేదన్నారు.

ఇవ్వం అని కూడా రాయలేదు కదా సార్ అన్న.

"రాయనిది చెయ్యకూడదు" అన్నారు.

సెప్టెంబర్‌లో రివ్యూ. ఫెలోషిప్ మూడో ఏడుకు పోతుందా, ఇక్కడితో ఆగుతుందా తేల్చేది అక్కడే. గైడు సంతకం లేకుండా నేను ఆ గదిలోకి కూడా పోలేను. ఆ మాట సారు అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

నాకు కోపం లేదు.

ఆగస్టు 5

కోపం లేదు. భయం కూడా లేదు. పొద్దటినుంచి వాన.

ఆగస్టు 7, గురువారం

కిష్టారెడ్డిపేటలో నా కిరాయి గది కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ. దాన్ని చూసుకుంటూ, రిపోర్టులు ఇస్తానని మాట ఎక్కడ ఇచ్చిన్నో, ఎట్ల ఇచ్చిన్నో గుర్తు చేసుకుంటున్న. సారు దాన్ని "ప్రోటోకాల్ బయటి మాట" అన్నారు, అంటే కమిటీ ఒప్పుకున్న కాగితంలో లేని మాట. ఏ బయట?

మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్లు లేరు. ఈ చదువేందో ఇంట్లో చెప్పడమే పెద్ద పని అయింది. పీహెచ్‌డీ అంటే ఇంకో ఐదారేళ్లు ఫీజులు కట్టాలా అని నాయన బెంగ పెట్టుకున్నాడు. కట్టేది లేదు, వాళ్లే నెలనెలా ఫెలోషిప్ ఇస్తారు, ఊళ్లు తిరిగే ఖర్చు పెట్టుకుంటారు, పరిశోధన ఎట్ల చెయ్యాలో, లెక్కలు ఎట్ల తియ్యాలో నేర్పిస్తారు అని చెప్పిన. అమ్మకు డబ్బు సంగతి పట్టలేదు.

"అయితే డాక్టరువే అయితవన్నట్టు."

"ఆ డాక్టరు కాదమ్మా."

"మరి ఏ డాక్టరు?"

నాయన చెప్పాడు జవాబు. "సూది వెయ్యని డాక్టరు."

ఇప్పుడు ఊరంతా నాకు అదే పేరు. ఫోన్ చేస్తే మా అమ్మే "సూదెయ్యని డాక్టరమ్మా, తిన్నవా" అంటుంది. అమ్మ పేరు సౌభాగ్యమ్మ. ఆమె కూడా చాలా ఏండ్లు కంపెనీలో పౌడర్ సెక్షన్‌లో పనిచేసి మానేసింది.

పీహెచ్‌డీ ప్రోగ్రాం ఇంటర్వ్యూలో ఈ అంశమే ఎందుకు అని అడిగారు. నాకంటే ముందు పోయినవాళ్లు పెద్ద పెద్ద పేపర్ల పేర్లు చెప్పి ఉంటారు. నేను అమ్మ నీళ్ల సీసా గురించి చెప్పిన. పౌడర్ సెక్షన్‌లో ఉన్నప్పుడు బాత్‌రూమ్‌కు పోవాలంటే గౌను, టోపీ, మాస్కు, బూట్లు అన్నీ విప్పాలి. వచ్చి చేతులు కడుక్కుని అన్నీ మళ్లీ తొడుక్కోవాలి. అంతసేపూ సూపర్‌వైజరు గడియారం చూస్తుంటాడు. ఆ చూపు పడలేక ఆడవాళ్లు కంపెనీ బస్సు ఎక్కింది మొదలు దిగేదాకా నీళ్లే తాగరు. అమ్మ సీసా పొద్దున ఎట్ల పోయిందో సాయంత్రం అట్లనే నిండుగా ఇంటికి వచ్చేది. నడుము నొప్పికి ఒక గోలీ వేసుకుని పడుకునేది. మళ్లీ తెల్లారి ఇంకో గోలీ. ఆ బస్సులో అందరిదీ ఇదే కథ, నీళ్లు లేక, రోజూ ఆ గోలీల దెబ్బకు వాళ్ల కిడ్నీలు ఎట్ల ఉన్నాయో ఎవరూ చూడలేదు, నేను చూస్తా అన్న.

అమ్మ దాహం మీద నాకు సీటు వచ్చింది. ఈ వాక్యం ఎక్కడా చెప్పను. ఇక్కడ మాత్రం ఉండనీ.

కంపెనీలు మమ్మల్ని గేటు లోపలికి రానివ్వలేదు. అందుకని చర్చి. ఆదివారం ఆరాధనలో ప్రకటనల సమయంలో మా పాస్టరు ఎబెనేజర్ అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. సారు అప్పుడు బయట వ్యాన్ దగ్గర రక్తం ట్యూబులు పెట్టే ఐస్ పెట్టె సర్దిస్తున్నారు. రక్తం ఎందుకో చెప్పిన. కొంచెం నొప్పి ఉంటుందని చెప్పిన. వద్దనుకుంటే ఇవ్వాల్సిన పని లేదని చెప్పిన. అక్కడిదాకా అంతా ట్రెయినింగ్‌లో నేర్పినట్టే. అప్పుడు ఆడవాళ్ల వరసల్లోంచి ఎవరో అడిగారు, రిపోర్టు ఇస్తరా, లేకుంటే పోయినసారి క్యాంపోళ్ల లెక్క తీస్కొని పోవుడేనా అని.

"ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి నేనే తెచ్చి ఇస్తా" అన్న.

వరసలన్నీ "ఆమెన్" అన్నాయి.

మా చర్చిలో అయ్యగారు ప్రార్థన చేసే బల్ల ముందు నిలబడి ఒక మాట అని, దానికి ఆమెన్ పడిందంటే అది ఇంక మాట కాదు, దేవుడికి మొక్కిన మొక్కు. కమిటీలో కూర్చునేవాళ్లకు ఇది తెలియదు. నాకు తెలుసు. తెలిసే అన్న. ఆ తర్వాత అయ్యగారు ఐస్ పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థన పొడుగు ఎక్కువ. నర్సు రాధమ్మ సిరంజి చేత పట్టుకుని, కళ్లు మూసుకుని అట్లనే నిలబడింది.

ఆగస్టు 10, ఆదివారం

ఊరికి పోయిన. ఒక దారి దొరికింది. ఫలితం చెప్పకుండానే చెప్పాల్సింది చెప్పొచ్చు. ఇది తప్పు కిందికి రాదు.

అత్త గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. నేను కూడా కూర్చుని తుంచిన. నడుము నొప్పికి వేసుకునే ఆ గోలీలు బంద్ చెయ్ అన్న. పని మీద ఉన్నా సరే నీళ్లు తాగు అన్న. సెలవు చూసుకుని సంగారెడ్డి పోయి ఒకసారి రక్తం చూపించుకో అన్న.

అత్త చేతులు ఆగాయి. "నాది ఖరాబ్ వచ్చిందా బిడ్డా?"

"అందరికీ గట్లనే చెప్తున్న అత్తా."

నా మొహం చూసింది. తర్వాత నవ్వి ఇంకో కాయ అందుకున్నది. "అయితే మంచిదే. ఖరాబ్ ఉంటే నీ మొహం నాకు తెల్వదా" అన్నది.

నేను అన్నది అబద్ధం కాదు. అందరికీ చెప్పాల్సిన మాటే అది. ఇంకా అందరికీ చెప్పలేదు, అంతే.

ఆగస్టు 13, బుధవారం

రివ్యూ కోసం స్లైడ్లు చేస్తున్న. హర్షిణి వచ్చి వెనక నిలబడి చూసింది. ఒకే బ్యాచ్ మాది. తను నిద్ర మీద పరిశోధన చేస్తుంది. తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటుంది, అక్కడినుంచి మా ఊరి కంపెనీల పొగ గొట్టాలు కనపడతాయట. మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు చూడటానికి బాగుంటుంది అన్నది, తర్వాత నాలుక కరుచుకున్నది.

స్క్రీన్ మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. అన్నిటికంటే పైన, దూరంగా ఒకటి.

"ఇది ఔట్‌లయర్ కదా, మిగతావాటితో కలవట్లేదు. తీసేస్తే గ్రాఫ్ నీట్‌గా ఉంటుంది."

"మా అత్త."

హర్షిణి కుర్చీ లాక్కుని కూర్చున్నది. అంతా చెప్పిన. తను తెలివైనది, తొందరపడదు. రివ్యూ అయ్యేదాకా ఆగు, సీటు గట్టి అయ్యాక కొట్లాడు అన్నది.

"రివ్యూ అయ్యాక పేపర్ రానీ అంటవ్. పేపర్ వచ్చాక థీసిస్ కానీ అంటవ్."

"పీహెచ్‌డీ అంటే అదే కదే" అన్నది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు ముందు ఆగిపోయింది.

ఆగస్టు 17, ఆదివారం

ఊరికి పోలేదు. పని ఉందని అమ్మకు చెప్పిన. గదిలో బట్టలు ఉతుక్కున్న.

ఆగస్టు 20, బుధవారం

సారు దగ్గరికి మళ్లీ పోయిన. ఈసారి నేను తయారై పోయిన. మనిషి ఒంట్లోంచి తీసిన దాని మీద ఆ మనిషికి హక్కు ఉందని మాకు ట్రెయినింగ్ మొదటి వారంలోనే చెప్పారు కదా సార్, పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులు కూడా వేశారు కదా అని మొదలుపెట్టిన.

సారు మధ్యలో ఆపలేదు. అంతా విని తన సంగతి చెప్పారు. సారు కూడా నాలాగే పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, వేరే జిల్లాలో, ఇట్లాంటి కంపెనీల దగ్గరే, రిపోర్టులు తన చేత్తోనే పంచారట. బాగా లేనివాళ్లను ఇండ్లకు పోయి కలిసి మరీ ఇచ్చారట. ఆ నెల తిరగకముందే ఎవరెవరి ఇంటికి పోయారో కాంట్రాక్టరు మనుషులకు తెలిసింది. వాళ్లను మర్నాటినుంచి బస్సు ఎక్కించుకోలేదు. అందులో ఒకామె వెతుక్కుంటూ సారు ఆఫీసుకు వచ్చి, ఆ కాగితం బల్ల మీద పెట్టి, అక్కడే వదిలేసి పోయిందట.

"నువ్వు నాతో కొట్లాడుతున్నానని అనుకుంటున్నావు. వాళ్ల కూలితో కొట్లాడుతున్నావు" అన్నారు.

జవాబు వెతుక్కుంటూ బయటికి వచ్చిన. పటాన్‌చెరు దాకా షేర్ ఆటోలో వచ్చిన, అక్కడ దిగి ఇంకోటి ఎక్కిన, గది తాళం తీసిన. ఇంకా వెతుకుతున్న. సారు అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఆయన నిజమే చెప్పారు. దాన్ని ఎదిరించడానికి నా దగ్గర ఒక్క ఆమెన్ తప్ప ఏమీ లేదు.

కోపం ఉంది. ఇన్ని రోజులూ ఉంది. రాసేశా.

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ ఫోన్ చేసి తప్పక రమ్మన్నది. చర్చిలో విందు ఉంది, ఆడవాళ్లంతా కలిసి బగారన్నం వండుతున్నరు అన్నది. దేనికి అంటే, వస్తే తెలుస్తది అన్నది.

కృతజ్ఞతల సమయంలో ఎల్సీ అత్త లేచింది. కొత్త చీర కట్టుకున్నది. బల్ల ముందుకు వచ్చి, చేతులు జోడించి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పింది.

"అందరికి వందనాలు. మా అన్న బిడ్డ పెద్ద చదువు చదువుతుంది, మీకు తెలుసు. మొన్న మా అందరి రక్తం తీస్కపోయింది. పరేషాన్ అయినం, ఏమొస్తదో ఏమో అని. నేను మొన్న మొహం మీదనే అడిగిన. ఖరాబ్ ఉంటే సొంత అత్తకు చెప్పకుండ ఉంటదా? చెప్పలేదంటే ఏం లేనట్టే. దేవుడు మనల్ని కాపాడిండు. నావే కాదు, అందరివీ."

ఆమెన్ ఎంత గట్టిగా వచ్చిందంటే రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

అందరూ నావైపు తిరిగి నవ్వుతున్నారు. పక్కనున్నామె నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ నవ్వుతున్నవాళ్లలో ఇంకా ఎవరెవరి అంకెలు పైన ఉన్నాయో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు. ఇక తెలుసుకోవాలని కూడా అనుకోరు.

ఇన్ని రోజులూ చెప్పకపోవడం అంటే ఊరుకోవడం అనుకున్న. కాదు. నేను ఊరుకుంటే అందరూ బాగున్నారని చెప్పినట్టయింది. ప్రోటోకాల్‌లో లేని రిపోర్టు నేను ఇప్పటికే ఇచ్చిన. అందరికీ ఒకటే రిపోర్టు. అబద్ధపు రిపోర్టు.

విందులో అమ్మ నాకు ఇంకో గరిటె వేసింది. తిన్న. ఇది కూడా రాయాలి. తిన్న.

తర్వాత హాలు వెనక అత్త ఒక్కతే గంజులు తోముతుంటే పోయి పక్కన కూర్చున్న. చెప్పేసిన. నీది బాగా లేదు అత్తా, నెల కింద నుంచి నాకు తెలుసు, ఇంకోసారి చూస్తే గానీ గట్టిగా చెప్పలేం, కానీ చూపించుకోవాలె అన్న.

అత్త తోముతున్న గంజు తోమడం పూర్తి చేసింది. కడిగింది. బోర్లించింది.

"మరి నన్నెందుకు సాక్ష్యం చెప్పనిచ్చినవ్?"

ఎంత ఖరాబ్ అని అడగలేదు. ఏమైతది అని అడగలేదు. ఇదే అడిగింది.

అత్తా మా సారు అని మొదలుపెట్టి, సారు చెప్పిన సంగతి మొత్తం చెప్పిన. యాదన్నకు తెలిస్తే నిన్ను గేటు బయటే నిలబెడతాడు అన్న. యాదన్న అంటే వీళ్ల కాంట్రాక్టరు మనిషి. బస్సు దగ్గర పేర్లు పిలిచేది అతనే.

"యాదన్నకు ఎవరు చెప్తరు? మా కాయిదం దాచుకోవుడు మాకు రాదా? నా మొగుడు తాగి పడ్డ దినాలల్ల ఈ ఊర్ల ఎవనికన్న తెలిసిందా?" కోపంగా అనలేదు. అర్థం కానివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "మీ సారు ఏం జేసిండు? ఖరాబ్ ఉన్నోళ్ల ఇండ్లకే పోయిండు. ఇగ ఊరు చూడదా, ఆ ఇంటికే ఎందుకు పోయిండని? అందరికియ్యి. మంచిగున్నోళ్లకు సుత ఇయ్యి. అందరి చేతుల కాయిదం ఉన్నంక ఎవరిది ఏందో ఎవనికి తెలుస్తది?"

నేను పోయిన బుధవారం నుంచి వెతుకుతున్న జవాబు అది. గంజుల మధ్య ఉన్నది.

వచ్చే ఆదివారం చర్చిలో నేను లేచి తప్పు ఒప్పుకుంటా అన్న. అత్త వద్దన్నది. "నువ్వు రిపోర్టులు పట్టుకరా. నా సాక్ష్యం సంగతి నేను చూస్కుంట."

ఆగస్టు 26, మంగళవారం

సారుకు చెప్పిన. ఒకరికి చెప్పేసిన సార్ అన్న. ఎవరికి అని అడగలేదు.

దీన్ని కమిటీకి తెలపాల్సి ఉంటుంది అన్నారు. నేనే తెలుపుతా సార్ అన్న. తర్వాత అత్త మాట నా మాటల్లో చెప్పిన. అందరికీ ఒకే రోజు, ఒకే రకం మూసిన కవర్లు. బాగున్నవాళ్లకూ, బాగా లేనివాళ్లకూ. ఒక డాక్టరు అక్కడే ఉండి విడివిడిగా మాట్లాడాలి. నీళ్లు, గోలీల గురించి అందరికీ ఒకటే మాట.

సారు లేచి కిటికీ దగ్గరికి పోయారు.

"బాగున్నవాళ్లకు కూడానా?"

"అందరికీ సార్."

"అప్పుడు మాకు ఆ ఆలోచన రాలేదు" అన్నారు. తనతో తను అనుకున్నట్టు. నాకు ఆశ పుట్టింది. ఒక్క నిమిషం నిజంగానే పుట్టింది. తర్వాత నావైపు తిరిగారు. "మంచి పద్ధతే. కానీ నేను సంతకం పెట్టలేను. నువ్వు ముందే నియమం దాటావు. ఇప్పుడు నీ పక్కన కూర్చుంటే ఈ స్టడీ మొత్తం ఆపేస్తారు. రాయాలనుకుంటే నీ పేరు మీదే రాసుకో."

రాసుకుంటా.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. మా సందు చివర మండపం, పొద్దటినుంచి మైకు. హర్షిణి వాళ్ల ఇంట్లోంచి ఉండ్రాళ్ల డబ్బా పట్టుకుని వచ్చింది. నేను రాసిన మెయిల్ చదివింది.

"ఇన్ని దయచేసిలు ఎందుకే? అడుక్కుంటున్నట్టుంది."

అన్నీ కొట్టేసింది. ఒకటి బతిమాలి ఉంచుకున్న. సీటు పోతే ఏం చేస్తావు అని పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అడిగింది. పోదు అన్న. అంత ధైర్యంగా ఎట్ల అన్నానో నాకు తెలియదు. తలుపు వేసి డబ్బా మొత్తం ఖాళీ చేసిన.

ఆగస్టు 31, ఆదివారం

అత్త మొన్న సంగారెడ్డి పెద్దాసుపత్రికి పోయి వచ్చింది. కంపెనీలో జ్వరం అని చెప్పి సెలవు పెట్టింది. అక్కడ మళ్లీ రక్తం తీశారు. గోలీలు ముట్టొద్దన్నారు, ఇంకా పరీక్షలు రాశారు, తప్పకుండా మళ్లీ రమ్మన్నారు. డాక్టరమ్మ మంచిగ మాట్లాడింది, ఆమె సూది వేసే డాక్టరే అన్నది అత్త. నా మీద జోకు వేయగలుగుతున్నదంటే కొంచెం కోపం తగ్గినట్టే.

ఇవాళ చర్చిలో లేచింది. పాత చీరలోనే ఉన్నది.

"పోయిన ఆదివారం నేను ఆగమాగం చెప్పిన. నా రిపోర్టు ఇంక నా చేతికి రాలేదు. చేతికి రానిదానికి సాక్ష్యం చెప్పుడు తప్పు. మీరు సుత మీ రిపోర్టులు వచ్చినంకనే స్తోత్రం చెప్పుండ్రి."

కూర్చున్నది. ఎవరూ ఆమెన్ అనలేదు. దేనికి ఆమెన్ అనాలో తెలియక అందరూ నావైపు చూశారు. పోయిన వారం లాంటి చూపు కాదు.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "తల్లీ, నువ్వు ఇచ్చేదేందో జెర జల్దీ ఇయ్యి. ఇయ్యాల నా ప్రసంగం ఒక్కరు వినలేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ తర్వాత, ఆ బల్ల ముందు నిలబెట్టింది నేనే కదా, నాకూ బాధ్యత ఉంది, ఎప్పుడు కావాలన్నా హాలు తెరిచి పెడతా అన్నారు.

బస్టాపు దాకా అమ్మ తోడు వచ్చింది. బస్సు కనపడ్డాక అడిగింది.

"సీటు పోతే ఏం జేస్తవ్?"

"ఇంటికొస్తా."

"వచ్చి?"

బస్సు వైపు తిరిగి బ్యాగు భుజానికి వేసుకున్న.

"ఏమన్న జెయ్యి. కంపెనీ బస్సు మాత్రం ఎక్కకు" అన్నది. చెయ్యి అడ్డం పెట్టి మా బస్సు ఆపింది.

సెప్టెంబర్ 2, మంగళవారం

పంపిన. పొద్దున ల్యాబ్‌కు పోగానే, ఎవరూ రాకముందే పంపిన. పంపింది ఇంగ్లిష్‌లో. అదే ఇక్కడ తెలుగులో రాసుకుంటున్న. రేపు ఎవరైనా దీన్ని వేరే రకంగా చెప్తే, నేను కూడా నమ్మకుండా ఉండటానికి.

ఎథిక్స్ కమిటీ అధ్యక్షులకు, డాక్టోరల్ ట్రెయినింగ్ ప్రోగ్రాం డైరెక్టర్ గారికి,

నేను ప్రోగ్రాంలో రెండో ఏడు ఫెలోను. జిన్నారం ప్రాంతంలో మందుల కంపెనీల్లో పనిచేసే మహిళల కిడ్నీల మీద పరిశోధన చేస్తున్నాను. ముందుగా నేను చేసిన రెండు పనులు మీకు తెలపాలి. రక్తం తీసిన రోజు, ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి ఇస్తానని అందరి ముందు మాట ఇచ్చాను. అది ప్రోటోకాల్‌లో లేదు. ఆగస్టు 24న వాళ్లలో ఒకరికి ఆమె ఫలితం గురించి మీ అనుమతి లేకుండా చెప్పాను. ఆ రెండిటికీ నా గైడుతో సంబంధం లేదు. వాటి మీద రివ్యూలో మీరు ఏ నిర్ణయం తీసుకున్నా నేను వచ్చి వింటాను.

కానీ నా మీద తీసుకునే నిర్ణయం వేరు, వాళ్లకు ఇవ్వాల్సిన జవాబు వేరు. ఒకటి తేలేదాకా రెండోది ఆపొద్దు. ఫలితాలు మా దగ్గర ఉన్నాయి. కొందరివి బాగా లేవు. మేము ఏమీ చెప్పకపోవడం వల్ల తమ ఆరోగ్యం బాగుందని వాళ్లు అనుకున్నారు, దానికి విందు కూడా చేసుకున్నారు. ఆ విందులో నేను ఉన్నాను. ఈ తప్పు నాది ఒక్కదానిదే అనుకోవడం లేదు.

నేను అడుగుతున్నది ఇది. అందరికీ, ఫలితం ఏదైనా సరే, ఒకే రోజు, మూసిన కవర్లో, ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. ఒక డాక్టరు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. మూడు నెలలు కావస్తున్నాయి కాబట్టి మళ్లీ పరీక్ష చేయడానికి అనుమతి ఇవ్వాలి. కాగితం చూపిస్తే పని పోతుందేమోనన్న భయం నిజమే. చూపించాలా, దాచుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. అది వాళ్ల బదులు మనం తేల్చే విషయం కాదు.

సెప్టెంబర్ 14 ఆదివారం ఆరాధన తర్వాత నేను ఆ హాల్లో ఉంటాను. మీరు ఒప్పుకుంటే కవర్లతో ఉంటాను. ఒప్పుకోకపోతే ఖాళీ చేతులతో నిలబడి, మీ ఫలితాలు మా దగ్గర ఉన్నాయి, ఇవ్వడానికి నాకు అనుమతి రాలేదు, మీరందరూ పోయి పరీక్ష చేయించుకోండి అని చెప్తాను. ఎవరి ఫలితమూ బయట పెట్టను. బాగున్నామని మాత్రం వాళ్లను ఆ ఆదివారం దాటి అనుకోనివ్వను.

ఈ రెండిట్లో నేను ఏది చెయ్యాలో, సెప్టెంబర్ 12 శుక్రవారం సాయంత్రం లోపు దయచేసి నాకు రాసి పంపండి.